కింది దవడ అందరిదీ ఒకేలా ఉండదు
(చెన్నేకొత్తపల్లి ఉచిత దంతవైద్య శిబిరంలో ఒక దంతవైద్యుని ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి చాలామంది నన్ను అడిగింది ఒకటే మాట: "సార్, పన్ను ఇప్పుడే పీకేయండి, ఎక్స్‌రే ఎందుకు?" ఎందుకో చెబుతాను.

కింది దవడ ఎముకలో సన్నని కాలువ ఉంటుంది. అందులో నడిచే నరమే కింది పళ్లకు, పెదవికి, గడ్డానికి స్పర్శ ఇస్తుంది. కోరపన్ను వెనకనున్న చిన్న దవడపళ్ల కింద ఒక రంధ్రంలోంచి దాని కొమ్మ బయటికొస్తుంది. ఇది పుస్తకంలోని బొమ్మ. కొందరికి ఆ కాలువ రెండు పాయలవుతుంది. కొందరికి రెండో రంధ్రం ఉంటుంది. కొందరిలో నరం ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి బయటపడుతుంది. ఇవి జబ్బులు కావు. మొహాలు వేరైనట్టే ఎముకలూ వేరు. మత్తుసూది వేశాక కూడా నొప్పి అంటే రోగిని కసరకూడదు, రెండో పాయ ఉందేమోనని ఆలోచించాలి.

నా తప్పొకటి చెబుతాను. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు చిన్న ఫిల్ము చూసి ఒక తల్లికి జ్ఞానదంతం తీశాను. వేరు నరాన్ని ఆనుకొని ఉంది. కొన్ని నెలలు ఆమె పెదవి తిమ్మిరిగానే ఉండిపోయింది. టీ గడ్డం మీదికి కారినా తెలిసేది కాదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే మరచిపోలేకపోయాను.

1200 ప్రాంతంలో ఈజిప్టులో పెద్ద కరువొచ్చింది. బాగ్దాదులో పుట్టిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అక్కడ గుట్టగా పడివున్న ఎముకలను పరిశీలించాడు. కింది దవడ రెండు ఎముకల అతుకని గ్రీకు వైద్యుడు గాలెన్ రాసిన మాటను వెయ్యేళ్లుగా నమ్ముతున్నారు. ఈయన చూసిన ప్రతి దవడా ఒకే ఎముక. గాలెన్ ఎంత గొప్పవాడైనా కంటితో చూసిందే ప్రమాణమన్నాడు. పుట్టినప్పుడు రెండు ముక్కలుగా ఉండే దవడ మొదటి ఏడాదిలోనే అతుక్కుంటుందని ఇప్పుడు మనకు తెలుసు. ఎక్స్‌రే చేసేదీ అదే పని: బొమ్మను కాదు, ఈ మనిషి దవడను చూడటం.

దవడ మొత్తం కనిపించే ఓపీజీ చాలామందికి సరిపోతుంది. అయితే అది గోడ మీది నీడలాంటిది, లోతు చెప్పదు. వేరు నరం మీద పడినట్టు కనిపిస్తే, లేదా ఇంప్లాంటు వేయాలంటే, సీబీసీటీ స్కాను అవసరం కావచ్చు. ఇంప్లాంటు కొనకూ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి. వేరు మరీ దగ్గరైతే, తగిన సందర్భాల్లో, పన్ను పైభాగం మాత్రమే తీసి వేరు వదిలేసే పద్ధతీ ఉంది.

పెద్దవారికి ఒక మాట. పళ్లు పోయి ఏళ్లు గడిస్తే ఎముక అరిగి, నరం రంధ్రం చిగురు దగ్గరికి వస్తుంది. కట్టుడు పళ్లు అక్కడ ఒత్తితే పెదవి జివ్వుమంటుంది. ఓర్చుకోవద్దు, సరిచేయించుకోండి.

చక్కెర జబ్బు, రక్తం పలచబరిచే మందులు ఉంటే ముందే చెప్పండి. మందులు మీ అంతట మీరు ఆపొద్దు. పన్ను తీసిన మర్నాటికీ తిమ్మిరి పోకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి.

చివరగా సంఘం పెద్దలకు మనవి. స్కాను కోసం పట్నం వెళ్తే మన కూలివాళ్లకు ఒక రోజు కూలి పోతుంది. పన్ను ఖర్చుకు సాయం చేసేటప్పుడు ఆ స్కాను, బస్సు చార్జీ కూడా కలపండి. ఒక మనిషి పెదవికి స్పర్శ నిలుస్తుంది.