పెళ్లి క్యాసెట్‌లో అడ్డగీతలు

(బాపట్లలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటె తెలిసినవారు ఇంతకు ముందే చెప్పారు. నేను మన బీరువాల అడుగున పడివున్న వీడియో క్యాసెట్లను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ణే గాని టీవీ ఇంజనీరును కాను. ఈ సంగతులన్నీ చేయి కాల్చుకుని నేర్చుకున్నవి.

మా అమ్మాయి పెళ్లి 1991లో ఈ ఊళ్లోనే జరిగింది. భుజాన కెమెరాతో ఒకాయన, ఆయన వెనుక కళ్లు చెదిరే దీపం పట్టుకుని ఒక కుర్రవాడు. ఆ దీపం వేడికి పురోహితుడు మంత్రం మధ్యలో ఆపి చెమట తుడుచుకోవడం కూడా రికార్డయింది! మొత్తం రెండు క్యాసెట్లు. మొదటి దానిలో తలంబ్రాలు, రెండవ దానిలో అప్పగింతలు. మా ఇంటావిడ కాలం చేసి తొమ్మిదేళ్లయింది. ఆమె నడుస్తూ, నవ్వుతూ కనబడేది మాకు ఆ రెండింటిలోనే.

మొదటి క్యాసెట్‌ను ఒక షాపులో ఇచ్చి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే, మనిషి నిలబడినంతసేపూ బాగానే ఉంది. తల తిప్పినా, చేయి ఎత్తినా అంచుల వెంట దువ్వెన పళ్లలాగా అడ్డగీతలు. "టేపు పాడైపోయిందండీ" అన్నాడు షాపతను. ఏదో చేసి, పాత ఫైలు చెరిపివేసి, గీతలు లేని కాపీ ఇచ్చాడు. ఇంకేం, బూజు పట్టిన క్యాసెట్ ఇక దేనికని నేనే పారవేయించాను.

తరువాత తెలిసింది, ఆ టేపుకు ఏ జబ్బూ లేదని.

చీరాల మగ్గం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక కాలు తొక్కితే సగం పడుగు పోగులు లేస్తాయి, రెండో కాలు తొక్కితే మిగతా సగం. మన పాత టీవీ కూడా బొమ్మను అలాగే నేసేది. మన దేశపు పద్ధతిలో బొమ్మకు 576 గీతలు. ముందు బేసి గీతలు 288, సెకనులో 50వ వంతు గడిచాక సరి గీతలు 288. ఈ సగం బొమ్మనే ఫీల్డ్ అంటారు. సెకనుకు 25 నిండు బొమ్మలే వెలిగి ఆరితే కళ్లు అదురుతాయి, 50 నిండు బొమ్మలు పంపాలంటే ప్రసారానికి రెట్టింపు చోటు కావాలి. అందుకని సగం సగం చేసి 50 సార్లు పంపారు. 1930ల నాటి ఉపాయమిది. వి.హెచ్.ఎస్. టేపు మీద కూడా ఏటవాలుగా ఒక్కొక్క చారలో ఒక్కొక్క సగం బొమ్మ ఉంటుంది.

పాత గాజు తెర ఆ రెండు సగాలనూ ఒకదాని తరువాత ఒకటి చూపేది, మన కన్ను కలిపేసుకునేది. ఇప్పటి తెర రెండింటినీ ఒకేసారి చూపుతుంది. ఆ లోపల చేయి కాస్త జరిగి ఉంటుంది కదా, అదే దువ్వెన పళ్లు. వాటిని విడదీసి నిండు బొమ్మలుగా చేయడాన్ని డీఇంటర్లేసింగ్ అంటారు.

షాపతను చేసినదేమిటంటే, ప్రతి జంటలో ఒక సగాన్ని పారేసి, ఉన్న సగాన్నే సాగదీశాడు. అంటే సెకనుకు 50 కదలికల్లో 25 పోయాయి, గీతల్లో సగమూ పోయాయి. ఇప్పుడు మా తలంబ్రాల బియ్యం గాలిలో ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంది. కొందరు రెండు సగాలనూ కలిపి పులిమేస్తారు, అప్పుడు మనిషికి నీడ అంటుకున్నట్లుంటుంది.

రెండవ క్యాసెట్ విషయంలో మా మనవడు తొందరపడనివ్వలేదు. ముందు ఉన్నదున్నట్లుగా, గీతలతోనే, 720 బై 576 సైజులో ఎక్కించాడు. డీవీ పద్ధతిలో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. ఈ మూల ఫైలును మాత్రం చెరపకూడదు. గీతలు తీయకముందే బొమ్మ సైజు మార్చితే రెండు సగాలూ కలిసిపోయి, ఆపైన ఎవరూ విడదీయలేరు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ దగ్గర యాడిఫ్ గాని బ్విడిఫ్ గాని ఎంచుకుని, దాని పక్కన బాబ్ అన్నది పెట్టాడు. అది నిలకడగా ఉన్నచోట రెండు సగాలనూ వాడుకుంటుంది, కదిలినచోట లేని గీతలను ఇరుగుపొరుగు గీతలను చూసి పూరిస్తుంది. సెకనుకు 50 నిండు బొమ్మలు వస్తాయి. ఇంకా నాణ్యం కావాలంటే ఏవీసింత్‌లో క్యూటీజీఎంసీ ఉంది, కాని అది మన పెన్షన్ ఫైలంత నెమ్మది.

ఒక జాగ్రత్త. ఏ సగం ముందో సాఫ్ట్‌వేర్‌కు తప్పు చెబితే మనుషులు రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తూ వణుకుతారు. డీవీలో సరి గీతలది ముందు, చాలా ఇతర పద్ధతుల్లో బేసి గీతలది. అందువల్ల కదలిక ఉన్న ఒక నిమిషం ముక్క మీద ముందు పరీక్షించుకోవాలి. సినిమా క్యాసెట్లకు సాధారణంగా ఈ వైద్యం అక్కరలేదు, అక్కడ రెండు సగాలూ ఒకే క్షణానివి.

ఆ రెండవ క్యాసెట్‌లో, అమ్మాయి చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టి, మా ఆవిడ చప్పున అటు తిరిగి పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. అరక్షణం. షాపతని పద్ధతిలో ఆ చేయి ఒక మసక. ఇప్పుడు చెంగు ఎత్తడం, ఒత్తుకోవడం, మళ్లీ నవ్వు తెచ్చుకుని తిరగడం, అన్నీ విడివిడిగా కనబడుతున్నాయి. ముప్పై ఏళ్లలో నేను దానిని చూడలేదు. పెళ్లిరోజున నేను వంటలవాళ్ల దగ్గర ఉన్నాను.

వి.సి.ఆర్.ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016లో మానేసింది. సూర్యలంక నుంచి వచ్చే ఉప్పుగాలికి మన క్యాసెట్లు ఏటికేడాది బూజు పడుతూనే ఉన్నాయి. మా ఇంట్లో వి.సి.ఆర్. ఒకటి ఇంకా నడుస్తోంది, సాయంత్రం నాలుగు దాటాక మా మనవడు ఖాళీగానే ఉంటాడు. క్యాసెట్ తెచ్చేవారు బూజును మీరే తుడవకండి, అలాగే తీసుకురండి. ఎక్కించుకున్న తరువాత కూడా క్యాసెట్ తిరిగి ఇంటికి పట్టుకెళ్లండి.