పెరటి పండ్లచెట్లు: విత్తనమును అంటును



నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ధాతువులును ప్రత్యయములును తెలిసినంతగా వేళ్లును చిగుళ్లును నాకు ఆ దినములలో తెలియవు. తెలియకపోవుటవలన మా యింట జరిగిన నష్టమును ముందుగా మనవిచేసి, పిమ్మట నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పెదను.

మాది కోనసీమ. మా పెరట తాతగారి నాటి మామిడిచెట్టొకటి యుండెడిది. అంగడిలో చెల్లు పేరేదియు దానికి లేదు. మా యింట దానిని 'దొడ్డికాయ' అనెడివారము. తొక్క పలుచన, పీచు స్వల్పము, రసము చిక్కన. ఏటేట మా అమ్మగారు ఆ పండ్లను వీధివీధికి పంచెడివారు. 1994వ సంవత్సరపు వేసవిలో నేనొక టెంకను పెరటి మూల పాతిపెట్టితిని. ఆ వానకాలముననే, అంటుకట్టుట నేర్చిన నా పూర్వశిష్యుడొకడు వచ్చి, "మాస్టారూ! చెట్టు ముసలిదైనది. రెండు అంట్లు కట్టి యిమ్మందురా?" అని యడిగెను. నేను నవ్వి, "టెంక మొలచినది గదా నాయనా! ఇంట దూడ యుండగా ఆవును వెదకనేల?" అంటిని. ఉపమానము వినుటకు బాగుగనే యుండెను గాని తోటకు పనికిరాలేదు.

1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను కోనసీమపై విఱుచుకొనిపడినది. కొబ్బరితోటలు తోటలుగా నేలగఱచినవి. తెల్లవారి చూతుము గదా, మా దొడ్డికాయ చెట్టు వేళ్లతో పెల్లగిలి గోడమీద పడియున్నది. మూడు నాలుగు దినములవఱకు దాని ఆకులు పచ్చగనే యుండెను. ఆ కొమ్మలలో ప్రాణమున్నదనియు, పుల్లలు కోసి తడిగుడ్డలో చుట్టి శిష్యునికి పంపిన చాలుననియు నాకు తోచలేదు. వంటచెఱకుక్రింద అమ్మివేసితిని.

టెంక మొక్క మిగిలినది. దానినే కంటికి ఱెప్పవలె పెంచితిని. ఎనిమిదేండ్లకు, 2002లో, అది కాచినది. తొలిపండును కడిగి అమ్మగారి చేతికిచ్చితిని. ఆమె చీకి, కొంతసేపూరకుండి, "ఇది దాని బిడ్డేరా, కాని అది కాదు" అనెను. పండు పులుపు, నోటినిండ పీచు.

అమ్మగారి ఆ యొక్కమాటలో ఈ శాస్త్రమంతయు నున్నది. మామిడిపూతపై ఈగలు వ్రాలును. ఏ చెట్టు పుప్పొడినో తెచ్చి ఈ చెట్టు పూవునకంటించును. కావున టెంకలోని మొలక తల్లి యొక్కతెది కాదు, తండ్రిది కూడ. బిడ్డ తల్లిని పోలవచ్చును, పోలకపోవచ్చును. అంటు అట్లు కాదు. అది తల్లిచెట్టు శరీరములోని ముక్కయే. క్రింది వేరు పరునిదైనను పైనున్న కొమ్మ ఆ చెట్టే. బంగినపల్లి, చిన్నరసము, సువర్ణరేఖ మొదలగునవి తరములు మాఱినను రుచి మాఱక నిలిచియుండుటకు అంటే కారణము.

అట్లని విత్తనమును తృణీకరింపరాదు. నిమ్మగింజ నొకదానిని నాటిన ఒక్కొకప్పుడు రెండు మూడు మొలకలు వచ్చును. వానిలో పెక్కు తల్లి కండనుండియే పుట్టినవగుటచే తల్లినే పోలియుండును. మిక్కిలి బలహీనముగా నున్నదానిని తీసివేసి, సమముగా పెరుగుచున్నవానిని ఉంచుకొనవలెను. బొప్పాయికి విత్తనమే శరణ్యము. కాని అందు ఆడ మగ భేదము గల రకములున్నవి గనుక, గుంటకు మూడేసి మొక్కలు పెట్టి, పూత వచ్చిన పిమ్మట ఏఱివేయుట మంచిది. కొబ్బరికి తల యొక్కటే. కొమ్మలు లేవు, అంటు లేదు. మంచి చెట్టు కాయనే విత్తనముగా నెన్నుకొనవలెను.

కొన్నిటికి కత్తియు త్రాడును మాత్రము చాలును. అరటికి, వెడల్పాకుల పిలకను విడిచి కత్తివలె సన్నని ఆకులు గల పిలకను త్రవ్వి నాటవలెను. దానిమ్మకు, ముదిరిన కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, సగముకంటె ఎక్కువ మట్టిలో దిగునట్లు గ్రుచ్చవలెను. తల క్రిందు చేసి గ్రుచ్చరాదు. కావున కోయునప్పుడే క్రిందివైపు ఏటవాలుగను పైవైపు సమముగను కోసిన గుఱుతుండును.

జామకు గాలియంటు సులభము. ఆషాఢ శ్రావణములలో పెన్సిలంత లావు కొమ్మను చూచి, చుట్టును అంగుళము వెడల్పున బెరడును ఉంగరమువలె ఒలిచివేయవలెను. ఒలిచినచోట తడిపిన నాచునో కొబ్బరిపొట్టునో ముద్దచేసి పెట్టి, ప్లాస్టిక్ కాగితముచే చుట్టి, రెండుకొనలను బిగించి కట్టవలెను. ఆకులు వండిన అన్నము బెరడు తెగినచోట ఆగి, తడి తగిలి, అచ్చట వేళ్లు పుట్టును. రెండు మాసములలో కాగితమునుండి తెల్లని వేళ్లు కన్పించును. అప్పుడు దానికి దిగువను కోసి, కొన్నాళ్లు నీడను కుండలో పెంచి, పిమ్మట నేలకు దించవలెను.

ఇక మామిడి. మన పెద్దలెఱిగిన పద్ధతిలో, కుండలోని టెంకమొక్కను తల్లిచెట్టు కొమ్మకు చేర్చి, రెంటి బెరడును చెక్కి, ఒకటిగా కట్టి, రెండు మూడు మాసములు నీరుపోయుచుండెడివారు. నేడు అంతకంటె తేలికైనది కలదు. పండు తిన్న టెంకను వారము దినములలో నాటవలెను. ఆలసించినకొలది మొలచు శక్తి తఱుగును. మొలక ఎఱ్ఱని లేతాకులతో రెండు వారములదై యుండగా, టెంకకు నాలుగంగుళముల పైని తలను కోసి, నిలువున అంగుళమున్నర చీల్చవలెను. తల్లిచెట్టుమీద అంతే లావుగల కొమ్మచివరను ముందే యెంచుకొని, వారము పది దినములకు పూర్వము కాడలు మాత్రముంచి ఆకులను కత్తిరించిన, మొగ్గలు ఉబ్బియుండును. ఆ పుల్లను నాలుగంగుళములు కోసి, మొదలును మేకువలె చెక్కి, చీలికలో దింపవలెను. ఇందు రహస్య మొక్కటియే: బెరడునకును కఱ్ఱకును నడుమ పలుచని పచ్చనిపొర యుండును. క్రిందిదాని పొరయు పైదాని పొరయు ఒక ప్రక్కనైనను సరిగా కలియవలెను. కలిసిన అతుకును, లేనిచో ఎండును. ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండ బిగించి నీడను ఉంచిన, మూడు వారములలో చిగురు వచ్చును. నేను తొలియేడు పది కట్టగా మూడే పట్టినవి. కత్తి మొద్దుది, చేయి వణకినది. మఱుసటియేట ఏడు పట్టినవి.

అంటును నాటినవారు తఱచుగా చేయు తప్పొకటి కలదు. అతుకునకు దిగువనుండి చిగురు పుట్టును. అది బలముగా పెరుగుచుండుటచే 'పచ్చగా నున్నది గదా' యని సంతసింతురు. అది పరునిది; ఇంటివానిని వెడలగొట్టి తానే యేలును. కనబడినతోడనే గిల్లివేయవలెను. నాటునప్పుడు అతుకు మట్టిలో మునుగరాదు. మొదటి మూడేండ్లు పూత వచ్చినను త్రుంపివేయవలెను. చిన్నబిడ్డ నెత్తిన బిందె పెట్టరాదు గదా!

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున దానిమ్మ, ద్రాక్ష మొదలగువానిని కొమ్మలచే నాటవలెననియు, చెట్టునకు చెట్టునకు ఇరువదిమూరల యెడము ఉత్తమమనియు చెప్పియున్నాడు. ఇరువదిమూరలనగా ముప్పదియడుగులు. నేటి ఉద్యానశాస్త్రజ్ఞులు మామిడికి సాధారణముగా చెప్పు పదిమీటర్లకు ఇది మిక్కిలి దగ్గర. ఆ యధ్యాయమును నేను శ్లోకములుగా వల్లించితిని గాని పెరటిలోనికి తీసికొనిపోలేదు.

పులిసిన ఆ చెట్టు సంగతి చెప్పి ముగించెదను. దానిని నఱికింపబూనగా అమ్మగారు వలదనిరి. శిష్యుని పిలిపించితిని. అతడు నన్నొక్క నిష్ఠురమైనను ఆడక, కొమ్మలను మొండిగా కోయించి, వానిపై వచ్చిన క్రొత్త రెమ్మలకు 2004 వానలలో పుల్లలనతికెను. మా దొడ్డికాయ లేదు. కావున తూర్పువీధి నూతిగట్టున నున్న మఱియొక పేరులేని ముసలిచెట్టు పుల్లలను ఆ యింటివారినడిగి తెచ్చితిమి. 2007లో అది తీయని పండ్లు కాచినది. 2014లో నూతిగట్టు చెట్టు మోడువాఱినది. మఱుసటి వానకాలమున మా చెట్టునుండియే రెండు అంట్లు కట్టి ఆ యింటివారికి తిరిగి యిచ్చితిమి. వారు పూర్వపు గుంటకు ప్రక్కనే నాటుకొనిరి. తీసికొన్న చెట్టును తిరిగి యీయగలిగితిమి గాని, మాది మాకు ఇచ్చువారు లేరు. మేమెవ్వరికిని అంటు ఇచ్చియుండలేదు.

పెద్దలారా! మీ యూర దొడ్డిలోనో, చెఱువుగట్టుననో, పేరులేకున్నను రుచిగల చెట్టు ఒకటైన నుండకపోదు. దాని పండును ఎఱిగినవారు మీరే; మీ తరువాతివారికి అది వట్టి చెట్టు. ఈ వానకాలముననే అంటుకట్టువానిని పిలువుడు. రెండు కట్టింపుడు. ఒకటి మీ పెరట నాటి, రెండవదానిని తప్పక పొరుగింటికిండు. తుపాను ఒక గోడ నడిగి మఱియొక గోడను కూల్చదు. అయినను రెండు పెరళ్లలోనున్నది ఒక్కసారిగా పోవుట అరుదు.

సెలవు.