మాట వినకుండానే కనిపెట్టే నిఘా
(బార్కస్‌లో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బుల బారక్‌లే ఈ బార్కస్. ఆనాడు అక్కణ్ణుంచి మగవాళ్లు ఇక్కడికి వచ్చారు. తర్వాతి తరాల వాళ్లు ఇక్కణ్ణుంచి గల్ఫ్‌కి పోయారు. ఇంటి దగ్గర ఆడవాళ్లకు మిగిలింది ఫోను. దుబాయ్‌లో ఉన్న భర్తకు వాట్సాప్‌లో రాస్తే అందుతుంది. అందులోనే మాట్లాడబోతే కలవదు. ఎందుకని? అక్కడ అనుమతి ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్స్ చేసుకోవాలి. నెట్‌వర్కు మన మాట వినక్కర్లేదు. డేటా వెళ్లే తీరును బట్టి ఏది రాతో, ఏది కాలో అప్పటికప్పుడు పోల్చుకోవచ్చు.

దీన్నే ట్రాఫిక్ పర్యవేక్షణ అంటారు. ఎక్కడ రద్దీ ఉందో, ఎక్కణ్ణుంచి దాడి వస్తోందో తెలియాలంటే నెట్‌వర్కు నడిపేవాళ్లకి ఇది అవసరమే. ఆ లెక్కను ఒక మనిషికి ముడిపెట్టినప్పుడు ఏమవుతుందన్నదే మన ప్రశ్న.

గల్లీ మొదట్లో కూర్చున్నవాడు మన ఇంట్లో మాటలు వినడు. ఎవరొచ్చారు, ఎప్పుడెళ్లారు, ఎంతసేపున్నారు అని చూస్తాడు. ఆడదాని మీద కథ అల్లటానికి అది చాలు. ఒక స్త్రీ అర్ధరాత్రి గృహహింస సహాయ కేంద్రం వెబ్‌సైటు, తెల్లవారి ఫ్యామిలీ కోర్టు వెబ్‌సైటు, ఆపైన బస్సు టికెట్ల సైటు చూసిందనుకోండి. ఆమె ఇల్లు విడవబోతోందని తెలిసిపోతుంది. ఎన్‌క్రిప్షన్ మాటను దాస్తుంది గాని, ఈ ఆనవాళ్లన్నిటినీ దాచదు.

ఐ.టి. చట్టానికి 2008లో చేసిన సవరణతో 69బి సెక్షన్ వచ్చింది. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఏ దారిన, ఎప్పుడు, ఎంతసేపు అన్నవన్నీ అందులో 'ట్రాఫిక్ డేటా'. సైబర్ భద్రత కోసమని కేంద్రం అధికారమిచ్చిన సంస్థ దీన్ని సేకరించవచ్చు. 2009 నియమాల ప్రకారం ఉత్తర్వు ఇచ్చేది అధికారి. సమీక్షించేదీ అధికారులే. న్యాయమూర్తి అనుమతి అక్కర్లేదు. తన లెక్క తీశారని ఆ స్త్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పిన తర్వాత కూడా పరిస్థితి ఇదే.

'నీ మంచికే' అంటూ ఫోను లాక్కునే అన్నని ప్రశ్నించటం మనం నేర్చుకున్నాం. రాజ్యం నోట ఆ మాటే 'భద్రత' అయింది. న్యాయమూర్తి అనుమతి ఉండాలనీ, తర్వాతైనా ఆమెకు తెలియజేయాలనీ మనం అడగాలి.

అడిగేముందు మరొకటి. మన దగ్గరికి సాయం కోసం వచ్చే స్త్రీలు మన ఆఫీసు వైఫై వాడుతున్నారు. ఆ రూటరులో లెక్కలు ఎవరు చూస్తున్నారు? ఎన్నాళ్లు ఉంచుతున్నారు? ముందు అది తేల్చుకుందాం.