కొండభాషల కంఠస్వరము
(ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభవేళ, గ్రంథమున కెక్కని భాషలను గూడ స్మరించుట ఉచితము.

విశాఖపట్టణపు రేవునకు ఇనుప ఖనిజమును దెచ్చు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము అరకు కొండల మీదుగా వచ్చుచున్నది. ఆ కొండలలో గదబలు కలరు. గదబ యను పేరు ఒకటియే గాని భాషలు వేఱు. ఒక తెగ వారిది తెలుగునకు చుట్టమైన ద్రావిడభాష. మఱియొక తెగ వారిది గుతోబు. అది సవరభాష వలె ముండా శాఖలోనిది. ఈ శాఖ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమునకును, సముద్రద్వీపముల ఆస్ట్రొనీషియన్ భాషలకును మూలమొక్కటియేయని 1906లో ష్మిట్ పండితుడు ప్రతిపాదించెను. దానిని పండితులందఱును అంగీకరింపలేదు. నేడు గుతోబు కుటుంబములు పెక్కింటిలో పిల్లలు సంతభాషయైన దేశియ ఒడియానే పలుకుచున్నారు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల నోటినుండియే వారి భాష నేర్చి, 1931లో దాని బోధిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిరి. గొంతుకలో ఊపిరి నాపి పలుకు సవర ధ్వనులకు తెలుగున అక్షరములు లేవు. అందుచే వారు ధ్వనిశాస్త్ర లిపిని ఆశ్రయించిరి. అంత శ్రమించినను, మాట యెత్తుగడ, విఱుపు, నిట్టూర్పు కాగితముపై నిలువవు గదా!

ఆ లోటును శబ్దయంత్రము తీర్చినది. ఒడిశా సవరల నడుమ 1975 నుండి పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ, పూనకము చెందిన స్త్రీ నోట మృతులు మాటలాడుటను, బంధువులు వారితో వాదించుటను, విలపించుటను టేపులపై నిలిపెను. పిమ్మట సవరలలో పెక్కుమంది క్రైస్తవులు కాగా ఆ తంతు సన్నగిల్లినది. ఆ సంభాషణలు టేపులలో మిగిలినవి.

వీడియో చేయు మేలు వేఱు. గదబ స్త్రీలు కెరంగు నారతో చారల వస్త్రము నేసెడివారు. ఆ మగ్గపు భాగముల పేర్లు నిఘంటువులో చదివిన తెలియవు. నేయు చేతులను చూచుచు వినిన తెలియును.

అయితే యంత్రము పట్టుకొనిపోయినంత మాత్రమున పని తీఱదు. పలికిన వారి సమ్మతి గైకొనవలెను. ఏ యూరు, ఏ తెగ, ఏ దినము అని వ్రాయవలెను. ప్రతి మాటకు అర్థము పలికినవారి చేతనే చెప్పింపవలెను. అన్నిటికి మించి, ఒక ప్రతిని ఆ యూరికే తిరిగి యీయవలెను. దూరపు నగరమున దాచిన అవ్వ కంఠము మనుమరాలి చెవిని పడనిచో ఆ దాచుట వలన భాషకు ప్రయోజనమేమి?

గ్రామ గ్రంథాలయములు ఈ బాధ్యతను స్వీకరింపవలెను. పాత పుస్తకమును మరల అచ్చు వేయవచ్చును. వృద్ధుల గళమును వారుండగనే నిలుపవలెను.