పాఠాంతరాల లెక్క



తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు పక్కపక్కన వినిపించే కమలనగర్‌లో ఒక తెలుగు బడి వజ్రోత్సవం జరుపుకొంటున్న వేళ, రాసినదాన్ని భద్రపరచుకొనే విద్యను గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం సముచితం.

వేమన పద్యాలను అచ్చువేయించ సంకల్పించిన సి.పి.బ్రౌన్ దొరకు ఎదురైన పెద్ద చిక్కు పాఠభేదాలు. ఒక ప్రతిలోని పద్యం మరొకదానిలో లేదు. ఉన్నచోట మాట మారింది. పండితులకు జీతాలిచ్చి ప్రతులను సరిపోల్పించి 1829లో ఆయన గ్రంథాన్ని వెలువరించారు. ఇంత శ్రమ ఎందుకు? మార్చిన లేఖకుడు తానెవరో, ఎప్పుడు, ఎందుకు మార్చాడో రాసి ఉంచలేదు గనుక.

కంప్యూటరు ప్రోగ్రాము కూడా పలువురు కలిసి రాసి, నిత్యం దిద్దే గ్రంథమే. ఒకరు దిద్దినదాన్ని మరొకరు తెలియక చెరిపివేస్తే నెలల కృషి నీళ్లపాలవుతుంది. దీనికి విరుగుడుగా 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ ‘ఎస్.సి.సి.ఎస్.’ అనే సాధనాన్ని రూపొందించారు. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ నిర్మాణం కోసం ‘గిట్’ను సృష్టించారు. నేడు లోకమంతటా విరివిగా వాడుకలో ఉన్నది ఇదే.

గిట్ ప్రతి దశలోనూ ఫైళ్ల స్వరూపాన్ని యథాతథంగా నిలుపుతుంది. దానితోపాటు మార్చినవారి పేరు, తేదీ, కారణం నమోదవుతాయి. ఆదేశాలు కంఠస్థం చేయలేనివారికి గిట్‌హబ్ డెస్క్‌టాప్, టార్టాయిస్‌గిట్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. ఏ పంక్తి చేరింది, ఏది పోయింది అనేది రంగులలో చూపుతాయి. ఇద్దరు ఒకే పంక్తిని రెండు విధాలుగా మార్చితే యంత్రం తీర్పు చెప్పదు. రెండు పాఠాలనూ ముందుంచి ఆగుతుంది. గ్రహించవలసినది మనిషే. బ్రౌన్ పండితుల పని నేటికీ తీరలేదు!

ఒక హెచ్చరిక. చరిత్ర అంతా ఒకే కంప్యూటరులో ఉంటే, అది చెడిన నాడు చరిత్రా పోతుంది. కనుక మరొక చోట ప్రతి ఉంచడం తప్పనిసరి.

ఈ విద్య ప్రోగ్రాములు రాసేవారికే పరిమితం కాదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనుకా మార్పుల చరిత్ర ఉంటుంది. ఎవరైనా పాడుచేస్తే మునుపటి పాఠాన్ని తిరిగి నిలపవచ్చు. పలువురి చేతుల మీదుగా సిద్ధమయ్యే ఇటువంటి సంచికకు సైతం ఆ పద్ధతి ఉపకరిస్తుంది.

లెక్క తప్పినప్పుడు రబ్బరుతో తుడిచివేసిన పిల్లవానికి తాను ఎక్కడ తప్పాడో మర్నాడు కనిపించదు. ఒక్క గీతతో కొట్టివేసి కింద సరిచేసిన వానికి కనిపిస్తుంది. తప్పును దాచక, దిద్దుబాటును చూపే ఆ అలవాటును పిల్లలకు నేర్పవలసింది బడియే. ఆ సేవలో ఈ పాఠశాల శతవసంతాలు చూచుగాక!