మనవడి కడుపునొప్పి – రక్తపరీక్ష చీటీ

(రాజమహేంద్రవరంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా ఆరోగ్యశాఖ ప్రయోగశాలలో గడిచింది. కనుక మన సభ్యులు మనవల రిపోర్టులు పట్టుకొచ్చి "ఇదేమిటో కాస్త చూడండి" అంటుంటారు. అలా వచ్చేవాటిలో "హెచ్. పైలోరీ ఐ.జి.జి. పాజిటివ్" అన్న చీటీ ఒకటి. దాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

హెలికోబాక్టర్ పైలోరీ జీర్ణకోశపు లోపొరను అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవి. కారం వల్లా, దిగులు వల్లా అల్సరు వస్తుందనుకునే రోజుల్లో, చాలా అల్సర్లకు ఈ క్రిమే మూలమని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది సాధారణంగా పసితనంలోనే, ఎక్కువగా ఇంట్లోవారి నుంచే సోకుతుంది. డేవిడ్ గ్రాహం మొదలైనవారు 1991లో ప్రచురించిన హైదరాబాదు పరిశీలనలో, 20 ఏళ్లు వచ్చేసరికే నూటికి 80 మందికి పైగా ఇది సోకిన గుర్తులు రక్తంలో కనిపించాయి. సోకినవారిలో అధికభాగం ఏ బాధా లేకుండానే ఉంటారు. కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్లు కాదు. ఊరంతటి లెక్క తీయడానికి ఈ పరీక్ష పనికొస్తుంది. ఒక్క పిల్లవాడికి మందు రాయడానికి చాలదు.

రక్తంలోని యాంటీబాడీ మన సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ వంటిది. ఫలానా ఆఫీసులో పనిచేశామని చెబుతుంది గాని, ఈరోజు ఆ కుర్చీలో ఉన్నామని చెప్పదు. క్రిమి పోయినా యాంటీబాడీలు నెలలు, ఏళ్ల తరబడి నిలిచి ఉండవచ్చు. చిన్నపిల్లల్లో క్రిమి ఉండి కూడా నెగెటివ్ రావచ్చు. అందుకే ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యసంఘాలు 2017లో ప్రచురించిన మార్గదర్శకాల్లో, పిల్లల్లో రోగనిర్ధారణకు ఈ రక్తపరీక్ష వద్దన్నాయి. అవసరమైతే ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి చూస్తారు. మందులు వాడాక, కనీసం 4 వారాలు ఆగి, శ్వాసపరీక్ష గాని మలపరీక్ష గాని చేయిస్తారు.

"పోనీ, మందు వాడేస్తే నష్టమేమిటి?" అంటారు. ఈ చికిత్సకు యాంటీబయాటిక్స్ రెండు రకాలు, ఆమ్లం తగ్గించే మందు, సాధారణంగా 14 రోజులు వాడాలి. పసివాడికి వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. మలబద్ధకమో, బడి బెంగో అసలు కారణమైతే అది అలాగే మిగిలిపోతుంది. అనవసరంగా వాడిన మందు అవసరమైన రోజున పనిచేయకపోవచ్చు.

నొప్పిని తేలికగా తీసుకోమని నా ఉద్దేశం కాదు. నెత్తుటి వాంతి, నల్లటి విరేచనం, బరువు తగ్గడం, నిద్ర లేపే నొప్పి, పదేపదే వాంతులు ఉంటే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఇక మన చేతిలో ఉన్నది శుభ్రత. వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీటికి మన ఇళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. బురద అడుగంటి నీరు తేటపడేది. కాని తేటనీరు వేరు, శుభ్రమైన నీరు వేరు. పిల్లలకు కాచి చల్లార్చిన నీరే ఇవ్వండి. ముద్ద నమిలి పసివాడి నోట పెట్టే అలవాటు ఉంటే మానండి. అన్నం ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి.

ఈసారి ఆ చీటీ చేతికొస్తే డాక్టరుగారిని మందు కోసం తొందరపెట్టకండి. "క్రిమి ఇప్పుడు ఉందా? నొప్పికి అదే కారణమా?" అని ఈ రెండే అడగండి.