షాట్ గట్టిదా, గురి గట్టిదా? కొలిచి చూద్దాం

ఓర్వకల్లు నుంచి మాట్లాడుతున్నా. మన ఊళ్ళల్లో ఫుట్‌బాల్ సెలెక్షన్స్ ఎట్లుంటాయో చూసే ఉంటారు. ఒక పిల్లోడు రెండు మూడుసార్లు బాల్‌ను గట్టిగా తంతాడు, గట్టు మీద ఉన్నోళ్ళు "అబ్బా, ఏం షాట్ రా" అంటారు, పేరు రాసుకుంటారు. ఇంకో పిల్లోడు అంత జోరుగా కొట్టడు, కానీ పదిసార్లకు ఏడుసార్లు మూలకే కొడతాడు. వాడేమో బస్సెక్కి ఇంటికి పోతాడు. అందుకే షూటింగ్‌ను కంటితో కాదు, నంబర్‌తో చూడాలంటున్నా.

1979లో అమెరికాలో మోర్, క్రిస్టియన్ అనే ఇద్దరు ఒక టెస్ట్ తయారు చేశారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. మన లెక్కలో 24 అడుగులు, 8 అడుగులు. నాలుగు మూలల్లో నాలుగడుగుల రింగులు కడతారు. ఒక్కో రింగుకు నాలుగు చొప్పున మొత్తం 16 షాట్లు. చెప్పిన రింగులోకే పోతే 10 పాయింట్లు, వేరే రింగులో పడితే 4. నాకు బాగా నచ్చింది ఆ 4 పాయింట్లే. మూలకు పోయింది కదా అని ఫుల్ మార్కులు వెయ్యరు. నువ్వు ఎక్కడికి కొట్టాలనుకున్నావు? అదీ లెక్క.

రింగులు లేకపోతే తాళ్ళు చాలు. ఒకటి సగం ఎత్తులో అడ్డంగా, రెండు నిలువుగా, ఒక్కో పోస్టుకు నాలుగడుగుల దూరంలో. మూలల్లో నాలుగు గళ్ళు వచ్చేస్తాయి.

ఇప్పుడు స్పీడ్. రాడార్ గన్ మన దగ్గర యాడుంది? ఫోన్ ఉంది కదా! పెనాల్టీ బాక్స్ గీత నుంచి గోల్‌కు 16.5 మీటర్లు. పక్క నుంచి, కాలు, గోల్ రెండూ కనపడేలా వీడియో తియ్యండి. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో, నేరుగా కొట్టిన బాల్ కాలు తగిలినప్పటి నుంచి గోల్ గీత దాటేదాకా 45 ఫ్రేములు పట్టిందనుకోండి. అంటే 0.75 సెకను. సెకనుకు 22 మీటర్లు, గంటకు దాదాపు 79 కిలోమీటర్లు. ఇది సగటు స్పీడే, కాలు వదిలేటప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. గురి, స్పీడ్ రెండూ పక్కపక్కనే రాసుకోండి. జోరు పెంచితే గురి తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నదే ఆటగాడి అసలు సంగతి.

ఎడమ కాలు మర్చిపోవద్దు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకుపోయిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సార్‌ది హైదరాబాదే. వాటం లేని కాలితోనే ఆడాలని ఆయన టోర్నమెంట్లే పెట్టేవారట! మనం ఎనిమిది షాట్లైనా పెట్టలేమా?

ఇంకొకటి. మన నేల గట్టిది, గులకరాళ్ళు ఎక్కువ. ఉరికే బాల్ ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే మొదట ఆగిన బాల్‌తో, అందరికీ ఒకే బాల్, ఒకే గాలి, ఒకే వైపు గోల్. వారం తర్వాత మళ్ళీ పెట్టండి. మొన్న 90 వచ్చినోనికి ఇప్పుడు 40 వస్తే, ఒక్క రోజు టెస్ట్‌తో ఎవర్నీ తీసెయ్యొద్దు. రెండు మూడు రోజుల సగటు చూడండి.

కీపర్ లేకుండా ఇదేం టెస్ట్ అన్నా అంటారు. కరెక్టే. ఆగిన బాల్‌తో స్కోర్ నిలకడగా వచ్చినాక, పాస్ ఇచ్చి, బాల్ కాలి దగ్గరికి వచ్చే టైంలో "కుడి పైన!" అని అరవండి. అప్పుడొచ్చే స్కోర్‌ను పాత స్కోర్ పక్కన రాసి కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటినే చూద్దాం.